తొమ్మిదో నెల దాకా ఆగకండి

మన చిట్యాల నుంచి శంషాబాద్ విమానాశ్రయానికి ఇప్పుడు రెండు గంటల్లో చేరుతున్నాం. చౌటుప్పల్ దాటి, పెద్దఅంబర్‌పేట దగ్గర అవుటర్ రింగు రోడ్డు ఎక్కితే ఇక మధ్యలో సిగ్నల్ అన్నదే ఉండదు. 2008 మార్చిలో శంషాబాద్‌లో విమానాలు దిగడం మొదలైనప్పుడు మన పల్లెల్లో విమానం ఎక్కినవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టేవాళ్ళం. ఇవాళ నార్కట్‌పల్లి, రామన్నపేట, మునుగోడు, నకిరేకల్ ఎటు పోయినా, బిడ్డో కొడుకో డాలస్‌లోనో దుబాయిలోనో సిడ్నీలోనో ఉన్న ఇల్లు ప్రతి వాడకట్టులోనూ కనిపిస్తుంది. పెళ్ళయి విమానమెక్కి వెళ్ళిన ఆ ఆడపిల్లలు ఏడాదికో రెండేళ్ళకో నెల తప్పారని ఫోనులో చెబుతారు. ఇక్కడ తల్లికి ఆ క్షణం నుంచి ఒకటే ఆలోచన. తొలిచూలు కాన్పు తల్లిగారింట్లోనే కావాలి.

కాన్పుల డాక్టరుగా నా దగ్గరికి వచ్చే తల్లులు ఇంచుమించు ఒకే మాట అడుగుతారు. "మేడమ్, మా బిడ్డకు ఆరు నెలలు నిండినయి. తొమ్మిదో నెలల తోలుకొస్తమంటున్నం. విమానం ఎక్కితే ఏం కాదు కదా?" ఈ ప్రశ్నలో నిజానికి రెండు ప్రశ్నలున్నాయి. విమానం ఎక్కవచ్చా అన్నది మొదటిది. దానికి జవాబు సులువు. ఆరోగ్యంగా ఉన్న గర్భిణి ఎక్కవచ్చు. అమెరికాలోని ప్రసూతి వైద్యుల సంఘం, బ్రిటన్‌లోని రాయల్ కాలేజీ రెండూ ఈ మాటే చెబుతున్నాయి. తొమ్మిదో నెలలో ఎక్కవచ్చా అన్నది రెండోది. మన ఇళ్ళలో లెక్క తప్పేది అక్కడే. అందుకే ఈ ప్రసంగంలో ఎక్కువ సమయం దానికే ఇస్తాను.

మన ఆచారం మీకు తెలిసిందే. ఐదో నెలలోనో, ఏడో నెలలోనో, తొమ్మిదో నెలలోనో సీమంతం చేస్తాం, ఒడి నింపుతాం, బిడ్డను తల్లిగారింటికి తీసుకొస్తాం. సరి నెలల్లో ప్రయాణం పెట్టుకోం. ముఖ్యంగా ఎనిమిదో నెలలో గడప దాటనివ్వం. అత్తగారిల్లు సూర్యాపేటలోనో దేవరకొండలోనో ఉన్న రోజుల్లో దీనివల్ల ఇబ్బంది ఏమీ రాలేదు. ఏడో నెలలో వీలుకాకపోతే తొమ్మిదో నెలలో మంచి రోజు చూసుకుని బస్సులోనో కారులోనో తీసుకొచ్చేవాళ్ళం. ఇప్పుడు అత్తగారిల్లు సముద్రాల అవతల ఉంది. ఏడో నెలలో అల్లుడికి సెలవు దొరకలేదనో, టికెట్టు ధర ఎక్కువగా ఉందనో ఆగుతాం. ఎనిమిదో నెల మంచిది కాదని ఇంకా ఆగుతాం. చివరికి తొమ్మిదో నెలలో టికెట్టు తీస్తాం. అప్పటికి విమానం వాళ్ళ తలుపు మూతపడి ఉంటుంది.

విమాన సంస్థలు నెలలు లెక్కపెట్టవు, వారాలు లెక్కపెడతాయి. చివరి నెలసరి మొదటి రోజు నుంచి ఆ లెక్క మొదలవుతుంది, కాన్పు తేదీ 40 వారాలకు వస్తుంది. అంతర్జాతీయ విమాన రవాణా సంఘం సలహా ప్రకారం ఎక్కువ సంస్థలు 28 వారాల దాకా కాగితం ఏమీ అడగవు. ఆ తర్వాత, ప్రయాణం చేయవచ్చని డాక్టరు రాసిచ్చిన సర్టిఫికెట్టు కావాలి. 36 వారాలు దాటితే సర్టిఫికెట్టు ఉన్నా ఎక్కించుకోరు. కడుపులో కవలలుంటే 32 వారాలకే ఆపేస్తారు. ఈ అంకెలు సంస్థను బట్టి కొద్దిగా అటూ ఇటూ అవుతాయి. ఎమిరేట్స్ వాళ్ళు 29 వారాల తర్వాత సర్టిఫికెట్టు అడుగుతారు. ఇంకొందరు 32 దాటాక తమ సొంత వైద్య ఫారం కూడా నింపమంటారు. మధ్యలో విమానం మారేటప్పుడు సంస్థ కూడా మారితే, ఇద్దరిలో ఎవరి నిబంధన కఠినంగా ఉంటే దాన్నే పాటించాల్సి వస్తుంది.

ఒక ఉదాహరణ చెబుతాను, దగ్గర క్యాలెండరు ఉంటే చూస్తూ వినండి. ఒక అమ్మాయికి చివరి నెలసరి జనవరి 1న వచ్చిందనుకుందాం. ఆమె కాన్పు తేదీ అక్టోబరు 8. మన లెక్కలో ఆమెకు ఏడో నెల జులై 1న పడుతుంది. 28 వారాలు నిండేది జులై 16న. అంటే ఏడో నెల పడ్డాక రెండు వారాల దాకా ఆమె ఏ కాగితమూ లేకుండా ప్రయాణం చేయవచ్చు. ఎనిమిదో నెల ఆగస్టు 1న మొదలవుతుంది. తొమ్మిదో నెల సెప్టెంబరు 1న పడుతుంది. 36 వారాలు నిండేది సెప్టెంబరు 10న. తొమ్మిదో నెల అని మనం ధీమాగా అనుకుంటున్న ఆ నెలలో ఆమెకు విమానం ఎక్కే వీలున్నది పది రోజులే. అందులో మంచి రోజు చూడాలి, టికెట్టు దొరకాలి, సర్టిఫికెట్టు తీసుకోవాలి. కవలలైతే ఆగస్టు 13కే గడువు తీరిపోతుంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. మనలో చాలామంది నెలలను నెల తప్పిన రోజు నుంచి లెక్కపెడతారు. అట్లా చూస్తే ఇదే అమ్మాయికి తొమ్మిదో నెల పడేది అక్టోబరు మొదట్లో. అప్పటికి డాక్టరు లెక్కలో 39 వారాలు నిండి ఉంటాయి. ఆమె అప్పుడు విమానాశ్రయానికి పోతే కౌంటరు దగ్గరే ఆపేస్తారు. అందుకే "ఎన్నో నెల" అని అడిగి వదిలేయకండి. "ఎన్ని వారాలు" అని అడగండి. ఆ సంఖ్య ఆమె స్కానింగు రిపోర్టు మీదే రాసి ఉంటుంది.

మన ఆచారాన్ని మానుకోమని నేను చెప్పడం లేదు. ఐదో నెల, ఏడో నెల రెండూ మన ఆచారంలోనే ఉన్నాయి. వైద్యం కూడా ఆ సమయాన్నే మెచ్చుకుంటుంది. 14 నుంచి 28 వారాల మధ్య వాంతులు, వికారం తగ్గి ఉంటాయి. గర్భం నిలుస్తుందా లేదా అన్న భయం చాలావరకు పోతుంది. కడుపు ఇంకా మరీ పెద్దది కాదు. 18 నుంచి 20 వారాల మధ్య తీసే టిఫా స్కాన్ అయిపోయి ఉంటుంది. 24 వారాల తర్వాత చేసే షుగర్ పరీక్ష ఫలితం కూడా చేతికి వస్తుంది. ఆ రెండూ చూసుకుని ఏడో నెల పడగానే బయలుదేరిన అమ్మాయి నిశ్చింతగా వస్తుంది. సీమంతం ఇక్కడికి వచ్చాక, ఆ ఏడో నెలలోనే చేసుకోవచ్చు.

కౌంటరు దగ్గర కడుపు కనబడకుండా వదులు చుడీదారు వేసుకుంటే సరిపోతుందని సలహా ఇచ్చేవాళ్ళున్నారు. దయచేసి ఆ పని చేయకండి. ఆ నిబంధన మనల్ని వేధించడానికి పెట్టింది కాదు. డాలస్ నుంచి బయలుదేరిన అమ్మాయి దుబాయిలోనో దోహాలోనో దిగడానికి పద్నాలుగు పదిహేను గంటలు పడుతుంది. అందులో చాలా గంటలు అట్లాంటిక్ సముద్రం మీదే. అక్కడ నొప్పులు మొదలైతే దిగడానికి నేల ఉండదు. విమానంలో ప్రథమ చికిత్స పెట్టె ఉంటుంది. నెలలు నిండని బిడ్డను కాపాడే వెచ్చని పెట్టె, ఊపిరి పోసే యంత్రం ఉండవు. రక్తం ఎక్కించే ఏర్పాటు ఉండదు.

విమానంలో కాన్పులు జరగలేదా అంటే జరిగాయి. 2017 జూన్‌లో సౌదీలోని దమ్మామ్ నుంచి కొచ్చి వస్తున్న జెట్ ఎయిర్‌వేస్ విమానంలో ఒక తల్లికి నెలలు నిండకముందే నొప్పులు వచ్చాయి. విమానాన్ని ముంబయికి మళ్ళించారు. నేల మీద దిగేలోపే మగబిడ్డ పుట్టాడు. వైద్య శిక్షణ ఉన్న ఒక ప్రయాణికురాలు, విమాన సిబ్బంది కలిసి పురుడు పోశారు. 2020 అక్టోబరు 7న దిల్లీ నుంచి బెంగళూరు వెళ్తున్న ఇండిగో విమానంలోనూ అలాగే నెలలు నిండకముందే మగబిడ్డ పుట్టాడు. ఆ రోజు అదే విమానంలో ఒక ప్రసూతి డాక్టరు ప్రయాణిస్తున్నారు. తల్లీబిడ్డలు క్షేమంగా దిగారు. ఈ వార్తలు పేపర్లో సంబరంగా వచ్చాయి, మనమూ సంతోషించాం. కానీ ప్రతి విమానంలో డాక్టరు ఉండరు. 2022 జులైలో దిల్లీ నుంచి హైదరాబాదు వస్తున్న విమానంలో ఒక ప్రయాణికుడికి ఆరోగ్యం బాగా చెడితే, అప్పటి మన గవర్నరు తమిళిసై సౌందరరాజన్ అదే విమానంలో ఉండి వైద్యం చేశారు. ఆమె కూడా ప్రసూతి డాక్టరే. అట్లాంటి అదృష్టాన్ని నమ్ముకుని తొమ్మిది నెలల కడుపుతో బిడ్డను బయలుదేరదీయలేం.

ఇక మొదటి ప్రశ్నకు వద్దాం. విమానం ఎక్కితే కడుపులో బిడ్డకు ఏమవుతుంది?

విమానం 35 వేల అడుగుల ఎత్తులో ఎగిరినా లోపలి గాలిని యంత్రాలతో ఒత్తిడి పెంచి ఉంచుతారు. అందువల్ల లోపల కూర్చున్నవాళ్ళకు అది ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల ఎత్తులో ఉన్నట్టు ఉంటుంది. ఊటీ కొండ మీద గాలి కూడా దాదాపు అంతే పలుచన. ఊటీలో ఆడవాళ్ళు గర్భం మోసి కంటూనే ఉన్నారు కదా. ఆ ఎత్తులో తల్లి రక్తంలో ఆక్సిజన్ కొంత తగ్గుతుంది. బిడ్డ రక్తంలోని హిమోగ్లోబిన్ మాత్రం పెద్దవాళ్ళ దానికంటే ఆక్సిజన్‌ను గట్టిగా పట్టుకుంటుంది. అందుకే తల్లికి తగ్గినంతగా బిడ్డకు తగ్గదు. ఈ ఏర్పాటు విమానాల కంటే ఎంతో ముందునుంచీ ఆడదాని కడుపులో ఉంది.

అయితే ఇక్కడ మన జిల్లాల ఆడపిల్లల విషయంలో నాకు గట్టి బెంగ ఒకటి ఉంది. తల్లికి రక్తం సరిపడా ఉంటేనే పైన చెప్పినదంతా నిజమవుతుంది. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నట్టు తేలింది. 2022 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం గర్భిణులకు న్యూట్రిషన్ కిట్లు మొదలుపెట్టినప్పుడు రక్తహీనత ఎక్కువగా ఉందని ముందుగా ఎంచుకున్న తొమ్మిది జిల్లాల్లో నాగర్‌కర్నూల్, జోగులాంబ గద్వాల ఉన్నాయి. రెండూ మన పాత పాలమూరు జిల్లావే. పట్నంలో చదువుకుని అమెరికాలో ఉద్యోగం చేస్తున్న పిల్లకు రక్తం ఎందుకు తక్కువుంటుంది అనుకోకండి. తిండి మానేసి డబ్బా కాఫీతో గడిపే పిల్లలను, ఐరన్ గోలీలు కడుపులో తిప్పుతున్నాయని పక్కన పడేసిన పిల్లలను నేను చూస్తూనే ఉన్నాను. హిమోగ్లోబిన్ 11 ఉండాలి. ఏడున్నర కంటే తక్కువుంటే విమానం ఎక్కవద్దని బ్రిటన్ వైద్యులు చెబుతారు. ఎనిమిది, తొమ్మిది ఉన్న అమ్మాయిని కూడా ముందు రక్తం పెంచుకుని తర్వాత టికెట్టు కొనమంటాను. ఐరన్ సూది వేసినా రక్తం పెరగడానికి వారాలు పడుతుంది. కాబట్టి ప్రయాణం అనుకున్న రోజే రక్త పరీక్ష చేయించాలి. బయలుదేరే ముందు రోజు చేయిస్తే తెలిసి ఏం లాభం?

ఇంకా ఎవరు ఎక్కకూడదో కూడా చెప్పాలి. ఈమధ్య రక్తం కనిపించినవాళ్ళు, మాయ గర్భసంచి నోటికి అడ్డంగా ఉన్నవాళ్ళు, బీపీ పెరిగి కాళ్ళూ ముఖమూ ఉబ్బినవాళ్ళు, ఇంతకుముందు నెలలు నిండకుండా కాన్పయినవాళ్ళు, గర్భసంచి నోటికి కుట్టు వేయించుకున్నవాళ్ళు, తీవ్రమైన గుండె జబ్బో ఊపిరితిత్తుల జబ్బో ఉన్నవాళ్ళు తమను చూస్తున్న డాక్టరు ఒప్పుకుంటే తప్ప టికెట్టు ముట్టుకోవద్దు. కొత్తగా నెల తప్పి పొత్తికడుపులో ఒక పక్క నొప్పిగా ఉన్న అమ్మాయి ముందు స్కాన్ చేయించుకుని గర్భం సంచిలోనే ఉందని తెలుసుకోవాలి. గర్భం ట్యూబులో నిలిస్తే అది ఏ నిమిషంలోనైనా పగలవచ్చు. గాలిలో ఉన్నప్పుడు పగిలితే ఆ పిల్ల ప్రాణానికే ముప్పు.

మొదటి మూడు నెలల్లో గర్భం పోయే సందర్భాలు మామూలుగానే ఎక్కువ. విమానం ఎక్కినా ఎక్కకపోయినా పోతాయి. చాలావరకు బిడ్డ ఏర్పడటంలోనే వచ్చిన లోపం అందుకు కారణం. ప్రయాణం చేసి వచ్చిన కోడలికి గర్భం పోతే "విమానం ఎక్కినందుకే పోయింది" అని ఇంట్లో ఒకరు అంటారు. ఆ మాటను ఆ పిల్ల జన్మంతా మోస్తుంది. అత్తమ్మలకు, ఆడబిడ్డలకు చేతులెత్తి చెబుతున్నాను, ఆ మాట అనకండి. అది అబద్ధం.

రేడియేషన్ గురించి కూడా అడుగుతారు. ఎత్తులో ఎగిరేటప్పుడు ఆకాశం నుంచి వచ్చే కిరణాలు కొంచెం ఎక్కువగా తగులుతాయి, నిజమే. గర్భిణికి ఆ గర్భకాలమంతా కలిపి 1 మిల్లీసీవర్ట్ మించకూడదని లెక్క. ప్రపంచంలో అన్నిటికంటే పొడవైన విమాన ప్రయాణంలో కూడా అందులో 15 శాతం మించి తగలదు. వచ్చిపోయే ప్రయాణానికి భయం అక్కర్లేదు. నెలకు నాలుగుసార్లు విమానంలో తిరిగే ఉద్యోగం ఉన్నవాళ్ళు, విమాన సిబ్బంది మాత్రం డాక్టరుతో మాట్లాడుకోవాలి. భద్రతా తనిఖీలో దాటే చట్రం, చేత్తో పట్టుకుని తిప్పే పరికరం లోహాన్ని కనిపెట్టేవి. ఎక్సరే యంత్రంలోకి మన సామానే పోతుంది, మనిషి పోదు.

నన్ను అడిగితే విమానంలో గర్భిణికి ఉన్న అసలు ప్రమాదం కాళ్ళలో ఉంది. గర్భంతో ఉన్నప్పుడు రక్తం గడ్డకట్టే గుణం పెరుగుతుంది. కాన్పులో రక్తస్రావం ఆగడానికి శరీరం ముందుగానే సిద్ధమవుతుందన్నమాట. దానివల్ల మామూలు ఆడవాళ్ళ కంటే గర్భిణికి సిరల్లో రక్తపు గడ్డ ఏర్పడే అవకాశం నాలుగైదు రెట్లు ఎక్కువ. దానికి తోడు నాలుగు గంటలకు మించి ఇరుకు సీటులో కాళ్ళు వేలాడేసుకుని కదలకుండా కూర్చుంటే పిక్కల్లో రక్తం నిలిచిపోతుంది. అక్కడ ఏర్పడిన గడ్డ ఊడి ఊపిరితిత్తులకు చేరితే ప్రాణం మీదికి వస్తుంది.

దీనికి మందు నడకే. అందుకే నడవ పక్క సీటు అడిగి తీసుకోమని బిడ్డకు చెప్పండి. గంటన్నరకో రెండు గంటలకో లేచి, సీటు బెల్టు దీపం ఆరి ఉన్నప్పుడు, వెనక దాకా నడిచి రావాలి. కూర్చున్నప్పుడు మడమ నేలకానించి వేళ్ళు పైకి, వేళ్ళు ఆనించి మడమ పైకి మార్చి మార్చి ఆడించాలి. నీళ్ళు తాగుతూ ఉండాలి. విమానంలో గాలి ఎంత పొడిగా ఉంటుందంటే దాహం తెలియకుండానే ఒంట్లో నీరు తగ్గిపోతుంది. మాటిమాటికి బాత్రూంకు లేవాల్సి వస్తుందని నీళ్ళు తాగడం మానేసే అమ్మాయిలున్నారు. లేవడమే మనకు కావలసింది కదా! మోకాలి దాకా వచ్చే బిగుతు మేజోళ్ళు మందుల దుకాణాల్లో దొరుకుతాయి. కాలి కొలత ఇచ్చి కొనుక్కుని, పొద్దున లేవగానే కాళ్ళు ఉబ్బకముందే తొడుక్కోవాలి. ఇంతకుముందు రక్తపు గడ్డ వచ్చినవాళ్ళకు, బాగా లావుగా ఉన్నవాళ్ళకు డాక్టరు రక్తం పలుచబరిచే సూది రాయవచ్చు. తెలిసినవాళ్ళు చెప్పారని గోలీలు కొని వేసుకోవద్దు.

ప్రయాణం అయ్యాక కొన్ని వారాల దాకా ఈ ప్రమాదం ఉంటుంది. ఇల్లు చేరిన బిడ్డకు రెండు కాళ్ళూ కొద్దిగా ఉబ్బితే విశ్రాంతితో తగ్గుతుంది. ఒక్క కాలే ఉబ్బి, పిక్క గట్టిపడి నొప్పి పుట్టినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా, ఛాతీలో పొడిచినట్టున్నా ప్రయాణ బడలిక అనుకుని నూనె మర్దన చేయకండి. మర్దనతో గడ్డ కదిలే ప్రమాదం ఉంది. వెంటనే 108కి ఫోన్ చేయండి. మనకు నార్కట్‌పల్లిలో కామినేని వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది, నల్లగొండలో ప్రభుత్వ పెద్దాసుపత్రి ఉంది. అర్ధరాత్రయినా తెల్లారేదాకా ఆగవద్దు.

సీటు బెల్టు సంగతి చాలామందికి తెలియదు. బెల్టు కడుపు మీదుగా పోకూడదు. కడుపు కింద, తుంటి ఎముకల మీదుగా, తొడల మొదట్లో ఆనేటట్టు పెట్టుకోవాలి. కూర్చున్నంతసేపూ పెట్టుకునే ఉండాలి. గాలి కుదుపు చెప్పి రాదు. కారులోనూ అంతే. చిట్యాల నుంచి శంషాబాద్ పోయే దారిలో, నన్నడిగితే, ఆకాశంలో కంటే మన 65వ నంబరు జాతీయ రహదారి మీదే ఎక్కువ జాగ్రత్త కావాలి. సంక్రాంతి ముందు రోజుల్లో పంతంగి టోల్‌గేటు దగ్గర బండ్లు ఎంత దూరం నిలుస్తాయో మనం ఏటా చూస్తున్నాం. పెద్ద వాన పడితే చిట్యాల రైల్వే వంతెన కింద నీళ్ళు నిలుస్తాయి. బిడ్డను దింపడానికి గానీ, తీసుకురావడానికి గానీ పోతున్నప్పుడు ఆ గంటలు ముందే కలుపుకోండి. అర్ధరాత్రి విమానాలే ఎక్కువ కాబట్టి నిద్రలేని డ్రైవరును పంపకండి.

తిండి విషయానికి వస్తే, ఎత్తుకు పోయినకొద్దీ కడుపులోని గాలి ఉబ్బుతుంది. బయలుదేరే ముందు రోజు నుంచి శనగలు, బొబ్బర్లు, చిక్కుడు, సోడాలు మానుకుంటే మంచిది. పెరుగన్నం, ఇడ్లీ, అరటిపండు చాలు. విమానంలో కొంచెం కొంచెంగా తినడానికి వేయించిన పల్లీలు, మరమరాలు చేతి సంచిలో పెట్టుకోవాలి. అంతర్జాతీయ విమానాల్లో వంద మిల్లీలీటర్లు దాటిన నీళ్ళు చాలాచోట్ల తనిఖీ దగ్గర తీసేస్తారు. ఖాళీ సీసా తీసుకుపోయి లోపల నింపుకోవచ్చు. మందులు, స్కానింగు రిపోర్టులు, రక్తం గ్రూపు కాగితం, డాక్టరు సర్టిఫికెట్టు పెద్ద పెట్టెలో పడేయకుండా చేతి సంచిలోనే ఉంచుకోవాలి. ఆ పెట్టె రెండు రోజులు ఆలస్యంగా వస్తే గోలీలు లేకుండా ఉండలేం కదా.

సర్టిఫికెట్టు మీద వారాలు, కాన్పు తేదీ, ఒక్క బిడ్డా కవలలా అన్న మాట, ఇబ్బందులేమీ లేవన్న మాట, డాక్టరు సంతకం, రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. తేదీ పాతబడితే ఒప్పుకోరు. కొందరు మూడు రోజుల్లోపుది కావాలంటారు, కొందరు వారం దాకా ఒప్పుకుంటారు. ఆ సంస్థ వెబ్‌సైటులో చూసి, దాని ఫారం ఉంటే అదే నింపించుకోవాలి. చక్రాల కుర్చీ కావాలని టికెట్టు కొన్నప్పుడే చెబితే ఇస్తారు. పెద్ద విమానాశ్రయాల్లో ఒక గేటు నుంచి ఇంకో గేటుకు మైలు దూరం నడవాల్సి రావచ్చు. అడగడానికి మొహమాటపడకూడదు.

కరోనా కాలం గుర్తుందా? 2020 మేలో, విదేశాల్లో చిక్కుకున్న మనవాళ్ళను తెచ్చే వందే భారత్ విమానాలు మొదలైనప్పుడు ముందు ఎవరిని ఎక్కించాలో నిర్ణయించేటప్పుడు గర్భిణులను మొదటి వరుసలో పెట్టారు. మే 9న కువైట్ నుంచి మొదటి విమానం హైదరాబాదుకు వచ్చింది. ఆ రోజుల్లో గల్ఫ్‌లో చిక్కుకున్న గర్భిణుల బాధంతా వారాల గురించే. విమానాలు మళ్ళీ ఎగిరేలోపు 36 వారాలు దాటిపోతే ఏం గతి అని. అందరికీ తెరిచి ఉన్న దారి ఒక్కసారిగా మూసుకుపోవడం మనం కళ్ళారా చూశాం. ఏడో నెల మొదట్లోనే రప్పించుకోమని నేను పట్టుబట్టడానికి ఇదొక కారణం. విమానం రద్దయినా, జ్వరం వచ్చి వారం ఆగాల్సి వచ్చినా ఇంకా సమయం చేతిలో ఉంటుంది.

రప్పించుకోవడం వీలుకాదని తేలితే తల్లే బిడ్డ దగ్గరికి పోవచ్చు. ఇప్పుడు మన ఊళ్ళ నుంచి ఎందరో అమ్మలు విజిటర్ వీసా మీద పోయి పురుడు చూసి వస్తున్నారు. అందులో చిన్నతనం ఏమీ లేదు. తల్లి ఉన్న చోటే తల్లిగారిల్లు.

ఇక్కడ కాన్పయితే ఆ తర్వాత సంగతి కూడా ముందే చూసుకోవాలి. పుట్టిన బిడ్డకు జనన ధ్రువపత్రం, పాస్‌పోర్టు, తిరిగి పోయే దేశం వీసా కావాలి. తల్లి వీసా గడువు ఎప్పటిదాకా ఉందో టికెట్టు కొనే ముందే చూసుకోవాలి. ఆసుపత్రి నుంచి వచ్చిన వారంలోనే మున్సిపాలిటీలోనో పంచాయతీలోనో పేరు నమోదు చేయించండి. ఆ పేరు స్పెల్లింగు పాస్‌పోర్టుకు ఇచ్చే కాగితాలన్నిటిలో ఒక్కలాగే ఉండాలి. అక్షరం తేడా వస్తే నెలలు తిరగాల్సి వస్తుంది.

అమ్మలారా, ఈ రాత్రి బిడ్డతో ఫోన్లో మాట్లాడేటప్పుడు మూడు సంగతులు అడగండి. ఈ రోజుకు ఎన్ని వారాలు? హిమోగ్లోబిన్ ఎంత? డాక్టరు ప్రయాణానికి సరేనన్నారా? అయ్యగారి దగ్గర సీమంతానికి రోజు చూపించేటప్పుడు ఆ వారాల లెక్క రాసిన కాగితం వెంట తీసుకుపోయి, 28 వారాలు నిండే తేదీ కంటే ముందే ముహూర్తం పెట్టమని చెప్పండి. పంచాంగంలో ఆ ముందు రోజుల్లో కూడా మంచి రోజులుంటాయి.